లేజర్‌ను మలిచే పిక్సెళ్లు: మల్టీఫోటాన్ మైక్రోస్కోపులో జమాఖర్చు

2019లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డైసెరోత్ బృందం ఎలుకలకు ఒక పని నేర్పింది. తెర మీద ఒక దిశలో గీతలు కనబడితే ముందున్న గొట్టాన్ని నాకాలి, నీళ్లు దొరుకుతాయి. గీతలు దానికి అడ్డంగా ఉంటే నాకకూడదు. ఎలుకలు బాగా నేర్చుకున్నాక తెర ఆపేశారు. మెదడులో చూపుకు సంబంధించిన భాగంలో ఆ గీతలకు స్పందించే న్యూరాన్లను మాత్రం ఏరి, చీకట్లో వాటి మీద లేజర్ చుక్కలు వేశారు. ఆ న్యూరాన్లలో కాంతి తగిలితే తెరుచుకునే ప్రోటీన్‌ను ముందే జన్యుపరంగా చేర్చి ఉంచారు. ఎలుకలు నాకాయి. ఎదురుగా లేని గీతలు కనబడినట్టే ప్రవర్తించాయి. అందుకు ఇరవై న్యూరాన్లను తట్టినా సరిపోయింది.

ఈ వార్తను మెదడు గురించిన వార్తగానే అందరూ చదివారు. ఆప్టిక్స్ తెలిసినవాళ్లకు మాత్రం వెంటనే వేరే ప్రశ్న వస్తుంది. ఒకే ఒక్క లేజర్ పుంజం, మెదడు లోపల అక్కడొకటి ఇక్కడొకటిగా వేర్వేరు లోతుల్లో ఉన్న అన్ని కణాల మీద, పక్కవాటిని తట్టకుండా, ఒకేసారి ఎలా పడింది?

లేజర్ దారిలో ఇరవై లక్షలకు పైగా పిక్సెళ్లున్న ఒక చిప్ ఉంది. టీవీ పిక్సెల్‌లా అది వెలుగును పెంచదు, తగ్గించదు. తన మీద పడిన కాంతిని కాస్త ఆలస్యం చేసి వెనక్కి పంపుతుంది, అంతే. ఏ పిక్సెల్ ఎంత ఆలస్యం చేయాలో కంప్యూటర్ చెబుతుంది. ఆ ఆలస్యాల పట్టిక మారిస్తే ఒక చుక్క ఇరవై చుక్కలవుతుంది, లేదా చుక్క కణమంత వృత్తం అవుతుంది, లేదా పడే లోతు మారుతుంది. ప్రోగ్రామబుల్ లైట్ షేపింగ్ అని పిలిచే విద్యలో పెద్ద భాగం ఇదే.

ప్రోగ్రామబుల్ అనగానే ఏది కావాలంటే అది చేయొచ్చనిపిస్తుంది. పరికరాలు అమ్మేవాళ్ల బ్రోచర్లు కూడా అలాగే ఊరిస్తాయి. అసలు సంగతి అంత ఉదారంగా ఉండదు. ఇక్కడ వాడేది మల్టీఫోటాన్ మైక్రోస్కోపు, అంటే రెండో అంతకన్నా ఎక్కువో ఫోటాన్లు (కాంతి రేణువులు) ఒకేసారి తగిలితేనే స్పందన వచ్చేలా చేసే పరికరం. అది మొత్తం ఒక వర్గం (స్క్వేర్) మీద నడుస్తుంది: కాంతి తీవ్రత రెట్టింపైతే సిగ్నల్ నాలుగు రెట్లవుతుంది. ఈ పద్ధతికి బలం ఆ వర్గమే. కాంతిని మలచాల్సిన అవసరం తెచ్చిపెట్టింది కూడా అదే, మలిచిన ప్రతిసారీ ఖరీదు రాబట్టేదీ అదే. దాని వెంటే వెళ్తే ఈ విషయంలోని చిక్కు చాలావరకు విడిపోతుంది.

రెండు ఫోటాన్లు ఒకేసారి

ఒక అణువు రెండు ఫోటాన్లను ఒకేసారి మింగి, రెండింటి శక్తినీ కలిపి వాడుకోగలదని మరియా గోపర్ట్ మేయర్ గోటింగెన్‌లో తన డాక్టరేట్ పనిలో లెక్కగట్టింది. అది 1931లో అచ్చయింది. ప్రయోగంలో చూపించడానికి అంత తీవ్రమైన కాంతి అప్పుడు ఎవరి దగ్గరా లేదు. 1960లో లేజర్ వచ్చింది, మరుసటి ఏడే బెల్ ల్యాబ్స్‌లో కైజర్, గారెట్ దాన్ని కళ్లారా చూశారు. మైక్రోస్కోపులోకి రావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. 1990లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ తొలి టూ ఫోటాన్ స్కానింగ్ మైక్రోస్కోపును ప్రపంచం ముందు పెట్టారు.

నీలి కాంతి పడితే ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ ఒకటి న్యూరాన్‌లో ఉందనుకోండి. నీలి ఫోటాన్‌కు బదులు, దాదాపు సగం శక్తి ఉన్న 920 నానోమీటర్ల పరారుణ ఫోటాన్లు రెండు ఏకకాలంలో తగిలినా అది మెరుస్తుంది. రెండూ ఒకే క్షణంలో ఒకే అణువు దగ్గరికి రావడం చాలా అరుదు. అందుకే లెన్స్ కాంతిని కూడగట్టే ఆ చిన్న బిందువు దగ్గర తప్ప ఇంకెక్కడా మెరుపు చెప్పుకోదగ్గంతగా ఉండదు. దారిలో పై పొరలన్నిటి గుండా అంతే కాంతి వెళ్తుంది గానీ, అక్కడ అది పరుచుకుని ఉంటుంది. పరుచుకున్న కాంతిని వర్గం చేస్తే మిగిలేది అత్యల్పం. కాబట్టి డిటెక్టర్‌కు చేరిన ప్రతి ఆకుపచ్చ ఫోటానూ ఆ బిందువు నుంచే వచ్చిందని ధైర్యంగా లెక్కేసుకోవచ్చు, అది దారిలో ఎన్ని మలుపులు తిరిగి వచ్చినా సరే. మెదడు లాంటి పాలవంటి కణజాలంలో ఇది మామూలు వరం కాదు.

అంత తీవ్రతను మెదడును కాల్చకుండా ఇవ్వడానికి కాంతిని క్షణికమైన తునకలుగా, అంటే పల్స్‌లుగా పంపుతారు. మామూలుగా వాడే టైటానియం సఫైర్ లేజర్ ఒక్కో పల్స్‌ను సుమారు 100 ఫెమ్టోసెకండ్లకు కుదించి, సెకనుకు 8 కోట్ల పల్స్‌లు ఇస్తుంది. ఫెమ్టోసెకండ్ అంటే సెకనులో కోటి కోట్ల వంతును మళ్లీ పది భాగాలు చేస్తే వచ్చేది. పల్స్‌కు పల్స్‌కు మధ్య ఎడం 12.5 నానోసెకండ్లు. అంటే లేజర్ వెలిగి ఉండే సమయం కన్నా ఆరిపోయి ఉండే సమయం లక్ష రెట్లకు పైగా ఎక్కువ. సగటు శక్తి కొన్ని పదుల మిల్లీవాట్లే ఉన్నా, పల్స్ శిఖరం దగ్గర అది లక్షా పాతిక వేల రెట్లు.

ఇక నష్టాల వైపు. మెదడు ఉపరితలం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ కాంతి చెదిరిపోతుంది. ఈ తరంగదైర్ఘ్యాల దగ్గర ఎలుక మెదడు బూడిదరంగు పొరలో సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెళ్లేసరికి దారి తప్పని కాంతి 37 శాతమే మిగులుతుంది. అలాంటి మెట్లు ఐదు దిగితే మిగిలేది 0.7 శాతం కన్నా తక్కువ. దాన్ని వర్గం చేయండి: సిగ్నల్ ఇరవై రెండు వేలలో ఒక వంతు. తిరిగి రాబట్టాలంటే పైన లేజర్ శక్తిని దాదాపు 150 రెట్లు పెంచాలి. ఎలుక మెదడు వల్కలం, అంటే మెదడు పై పొర, మందం సుమారు మిల్లీమీటరు. టూ ఫోటాన్ దాని అడుక్కి చేరేసరికి ఊపిరి ఆడకుండా అయిపోతుంది. 2013లో కార్నెల్‌లోనే క్రిస్ షూ బృందం 1700 నానోమీటర్ల దగ్గర మూడు ఫోటాన్లను వాడి, వల్కలాన్నీ దాని కింద ఉన్న తెల్ల పొరనూ దాటి, మెదడు లోతున ఉండే హిప్పోకాంపస్ దాకా చూడగలిగింది. అక్కడ వర్గం స్థానంలో ఘనం వస్తుంది. లాభం, నష్టం రెండూ ఇంకా పదునెక్కుతాయి.

మొదట కాలంలో మలచాలి

లైట్ షేపింగ్ అనగానే ఆకారాలూ, పిక్సెళ్ల ఆలస్యాలతో గీసే హోలోగ్రాములే గుర్తొస్తాయి. ల్యాబ్‌లో మొదట చూసుకోవాల్సింది మాత్రం పల్స్ పొడవు. 100 ఫెమ్టోసెకండ్ల పల్స్‌లో ఒకే రంగు ఉండదు, ఒక రంగుల గుత్తి ఉంటుంది. గాజులో ఎర్రవైపు రంగులు ముందు, నీలివైపు రంగులు వెనక నడుస్తాయి. మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్‌లో (నమూనాకు ఎదురుగా ఉండే లెన్సుల గొట్టంలో), మిగతా లెన్సుల్లో, మాడ్యులేటర్లలో బోలెడంత గాజు ఉంటుంది. లేజర్ దగ్గర బిగువుగా ఉన్న పల్స్ నమూనా దగ్గరికి వచ్చేసరికి సాగిపోతుంది.

ఎంత సాగుతుందో లెక్క వేయొచ్చు. రంగులను ఇలా ముందువెనకలు చేసే గుణాన్ని డిస్పర్షన్ అంటారు. దారిలోని గాజు 5,000 ఫెమ్టోసెకండ్ వర్గాల డిస్పర్షన్ కలిపిందనుకుందాం. 100 ఫెమ్టోసెకండ్ల పల్స్ సుమారు 170 అవుతుంది. ఫరవాలేదనిపిస్తుంది. ఇంకా మంచి సిగ్నల్ కావాలని ఆశపడి 30 ఫెమ్టోసెకండ్ల లేజర్ కొన్నామనుకోండి, అదే గాజు గుండా వెళ్లి అది 460 దాటుతుంది. డబ్బు ఎక్కువ పోసి కొన్న చిన్న పల్స్ చివరికి చవక పల్స్ కన్నా పొడవుగా తేలుతుంది. పల్స్ చిన్నదయ్యేకొద్దీ రంగుల గుత్తి వెడల్పు పెరగడమే దీనికి కారణం.

విరుగుడు ఏమిటంటే ముందే ఎదురు డిస్పర్షన్ ఇచ్చి పంపడం. ప్రిజంల జంటతో నీలిని ముందుకు, ఎర్రను వెనక్కు జరిపి పంపితే గాజు దాన్ని సరిచేసి పెడుతుంది. ఈ రోజుల్లో చాలా లేజర్ల పెట్టెలోనే ఇది ఉంటుంది, ఒక నాబ్ తిప్పితే చాలు. ఇంకా సన్నగా కావాలంటే రంగులను గ్రేటింగ్‌తో (దగ్గర దగ్గరగా సన్నని గీతలున్న పలకతో) విడదీసి, ఒక్కో రంగు ఆలస్యాన్ని పిక్సెళ్లతో విడివిడిగా దిద్ది, మళ్లీ కలుపుతారు. 1980ల చివర ఆండ్రూ వైనర్ అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధన సంస్థలో వేసిన ఈ దారి ఇప్పటికీ పల్స్ షేపర్లకు ఆధారం. హోలోగ్రాముల మీద నెలలు వెచ్చించి, ఈ నాబ్‌ను సరిగా పెట్టుకోని ల్యాబులు ఉండటం విచిత్రమేమీ కాదు. ఫోటోలో చూపించుకోవడానికి ఇందులో ఏమీ ఉండదు మరి.

తరంగాగ్రం, దాని లోపాలు

ఇప్పుడు ఆకారం సంగతికి వద్దాం. లెన్స్ చేసేదేమిటంటే, తన వెడల్పంతటా పడిన కాంతిని ఒకే బిందువు దగ్గరికి ఒకే లయలో చేర్చడం. ఒకే లయలో ఉన్న కాంతి తలాన్నే తరంగాగ్రం అంటారు. పెద్ద రథాన్ని తాడు పట్టి లాగేటప్పుడు అందరూ ఒకే ఊపులో లాగితేనే చక్రం కదులుతుంది. సగం మంది సగం ఊపు వెనకబడితే మనుషులు తగ్గరు, బలం మాత్రం పోతుంది. కణజాలం చేసే అన్యాయం ఇదే. ఒకచోట రక్తనాళం, ఒకచోట కొవ్వు, పైన వంపుగా ఉన్న ఎముక, అద్దం మూత: ఒక్కోదాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే అంకె, ఒక్కో రకం. కాంతిలో ఒక్కో భాగం ఒక్కోలా వెనకబడి బిందువు దగ్గరికి చేరుతుంది. మొత్తం కాంతి అంతే ఉన్నా శిఖరం కుంగిపోతుంది.

శిఖర తీవ్రత సగానికి పడితే, చిన్న నిర్మాణాల నుంచి వచ్చే టూ ఫోటాన్ సిగ్నల్ నాలుగో వంతు. త్రీ ఫోటాన్ అయితే ఎనిమిదో వంతు. మామూలు మైక్రోస్కోపులో కాస్త మసకగా కనబడి ఊరుకునే లోపం ఇక్కడ సిగ్నల్‌నే మింగేస్తుంది.

కొత్తగా దిగినవాళ్లు పడే ఉచ్చు ఒకటి ఇక్కడే ఉంది. చాలామంది తమ సవరణను పరీక్షించడానికి చిన్న గిన్నెలో ఒకే తీరుగా రంగు కలిపిన ద్రవాన్ని పెట్టి, మెరుపు పెరిగిందా లేదా అని చూస్తారు. టూ ఫోటాన్‌లో అది పెద్దగా మారదు. బిందువు పరుచుకుంటే తీవ్రత తగ్గుతుంది నిజమే, కానీ మెరిసే అణువుల సంఖ్య పెరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తేడా తెలియాలంటే చిన్న పూస కావాలి, లేదా నాడీతంతువు మీది సన్నని ముల్లు లాంటి నిర్మాణం కావాలి. త్రీ ఫోటాన్‌లో ఘనం ఉండటం వల్ల ఒకే తీరు ద్రవం కూడా తేడాను పట్టిస్తుంది.

సవరించే ఆలోచన ఖగోళశాస్త్రం నుంచి వచ్చింది. గాలి కదలికల వల్ల నక్షత్రం మసకబారుతోందని, అద్దాన్ని ఎప్పటికప్పుడు వంచి దాన్ని దిద్దవచ్చని హొరేస్ బాబ్‌కాక్ 1953లోనే ప్రతిపాదించాడు. అక్కడ ఏ నక్షత్రాన్నో చూసి లోపాన్ని కొలవొచ్చు. మెదడు లోపల నక్షత్రం ఎక్కడిది? దీనికి నా జీ, డానియెల్ మిల్కీ, ఎరిక్ బెట్జిగ్ 2010లో అమెరికాలోని జెనీలియా పరిశోధన కేంద్రంలో చూపిన జవాబు నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. లెన్స్ వెడల్పును ముక్కలుగా విభజించుకుని, ఒక్కో ముక్కలోంచే కాంతి పంపి, ఒక్కో బొమ్మ తీస్తారు. ఆ ముక్కలో కాంతి పక్కకు వంగిపోతుంటే బొమ్మ మొత్తం కాస్త పక్కకు జరిగి కనబడుతుంది. జరుగుబాటును కొలిస్తే వంపు ఎంతో తెలిసిపోతుంది. ప్రత్యేకమైన సెన్సర్ ఏదీ అక్కర్లేదు, ఉన్న డిటెక్టర్ చాలు.

దిద్దే చేతులు ప్రధానంగా మూడు రకాలు. వంగే అద్దం: దాని వెనక పదుల నుంచి కొన్ని వేల దాకా చిన్న మీటలు ఉంటాయి, సెకనుకు వెయ్యి సార్లు ఆకారం మారుతుంది, కాంతి దాదాపు వృథా కాదు, రంగు ఏదైనా పట్టింపు లేదు. మెల్లగా మారే లోపాలకు ఇదే హాయి. లిక్విడ్ క్రిస్టల్ చిప్: స్పేషియల్ లైట్ మాడ్యులేటర్ అంటారు, ల్యాబ్ భాషలో ఎస్‌ఎల్‌ఎం. ఓల్టేజి ఇస్తే పిక్సెల్‌లోని ద్రవ స్ఫటికం అణువులు తిరుగుతాయి, వక్రీభవన గుణకం మారుతుంది, కాంతి ఆలస్యమవుతుంది. ఆలస్యం గరిష్ఠంగా ఒక తరంగదైర్ఘ్యం చాలు, 1040 నానోమీటర్లకు అది 3.5 ఫెమ్టోసెకండ్లు. పిక్సెళ్లు లక్షల్లో ఉంటాయి కాబట్టి ఎంత క్లిష్టమైన ఆకారమైనా గీయొచ్చు. కానీ నెమ్మది. చాలావాటికి సెకనుకు 60 బొమ్మలే, మంచివాటికి కొన్ని వందలు. తరంగదైర్ఘ్యం పెరిగితే స్ఫటికం పొర మందంగా ఉండాలి, అప్పుడు ఇంకా నెమ్మది. పైగా మాట వినని కొంత కాంతి ఎప్పుడూ మధ్యలో ఒక చుక్కగా మిగులుతుంది, దాన్ని చిన్న అడ్డు పెట్టి ఆపాలి. మూడోది డీఎండీ, సినిమా ప్రొజెక్టర్లలో ఉండే సూక్ష్మ అద్దాల చిప్. సెకనుకు 20 వేల సార్లు మారగలదు. అద్దం అటో ఇటో వాలడం తప్ప మధ్యస్థం తెలియదు, అందుకే దానితో హోలోగ్రామ్ చేస్తే కాంతిలో పదో వంతు దక్కినా గొప్పే. వర్గం ఉన్న చోట అంత కాంతి వదులుకోవడం చిన్న విషయం కాదు.

ఒక చుక్కను ఇరవై చేయడం

స్టాన్‌ఫర్డ్ ఎలుకల దగ్గర జరిగింది హోలోగ్రఫీ. కావలసిన చుక్కల అమరిక తెలుసు, చిప్ మీద వేయాల్సిన ఆలస్యాల పట్టిక తెలియదు. 1972లో గెర్చ్‌బర్గ్, సాక్స్‌టన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కోసం రాసిన ఒక పద్ధతి ఇక్కడ పనికొచ్చింది. ఊహించిన పట్టికతో మొదలుపెట్టి, కాంతిని లెక్కలోనే బిందువుల దాకా పంపి, అక్కడ తీవ్రతను కావలసినట్టు మార్చి, వెనక్కి తెచ్చి, చిప్ దగ్గర మళ్లీ సరిచేసి, ఇలా అటూ ఇటూ తిప్పుతూ ఉంటే కొన్ని పదుల చుట్లలో పట్టిక కుదురుకుంటుంది. ఈనాటి గ్రాఫిక్స్ కార్డులకు ఇది చిటికెలో పని.

ఖరీదు ఇప్పుడు చూడండి. ఒక పుంజాన్ని ఇరవై చుక్కలుగా పంచితే ఒక్కో చుక్కకు ఇరవయ్యో వంతు కాంతి. ఒక్కో చోట ఉద్దీపన నాలుగు వందలో వంతు. ఇరవై చోట్లా కలిపినా, మొదట ఒక్క చుక్కకు వచ్చినదానిలో ఇరవయ్యో వంతే. మామూలు దీపాన్ని ఇరవై భాగాలు చేస్తే మొత్తం వెలుగు తగ్గదు. ఇక్కడ పంచుకోవడమే నష్టం. త్రీ ఫోటాన్ చుక్కలను పంచితే కలిపి మిగిలేది నాలుగు వందలో వంతు.

దీన్ని ఎలా తట్టుకున్నారంటే లేజర్‌నే మార్చారు. సగటు శక్తి అంతే ఉంచి సెకనుకు 8 కోట్ల పల్స్‌లకు బదులు పది లక్షలే ఇస్తే, ఒక్కో పల్స్‌లో 80 రెట్ల శక్తి ఉంటుంది. ఒక్కో పల్స్ ఇచ్చే ఉద్దీపన 6,400 రెట్లు, పల్స్‌లు 80 వంతుల్లో ఒక వంతే కాబట్టి మొత్తం మీద 80 రెట్ల లాభం. వర్గం ఈసారి మన వైపు ఉంది. యిటర్బియం లేజర్లు 1030, 1040 నానోమీటర్ల దగ్గర ఈ పని చేసి పెట్టడంతోనే ఒకేసారి పదుల కణాలను తట్టే ప్రయోగాలు సాధ్యమయ్యాయి. వాట్లకు వాట్లు చిప్ మీద పడితే స్ఫటికం వేడెక్కి లెక్క తప్పుతుంది, అందుకే కొన్నిటి వీపు వెనక నీళ్లు తిరిగే ఏర్పాటు ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. న్యూరాన్ శరీరం పది పదిహేను మైక్రాన్లు. దానిపై కాంతికి తెరుచుకునే ఆ ప్రోటీన్ ద్వారాలను తగినన్ని తెరవాలంటే సన్నని చుక్కను సుడిగా తిప్పాలి, లేదా కణమంత వృత్తాన్ని ఒకేసారి వేయాలి. వృత్తం వేస్తే సమయం కలిసొస్తుంది, కానీ వెడల్పు పెంచిన చుక్క లోతు దిశలో కూడా సాగుతుంది. హోలోగ్రామ్‌తో వేసిన వృత్తానికి సాగుడు వెడల్పుతో సమంగా పెరుగుతుంది, మామూలు పుంజాన్ని వెడల్పు చేస్తే దాని వర్గంతో పెరుగుతుంది. ఏ రకంగా చూసినా కింద ఉన్న కణం, పైనున్న కణం కూడా తగులుతాయి. ఎవరిని తట్టామో తెలియని ప్రయోగానికి విలువేముంది?

దీనికి దొరికిన జవాబు నిజంగా అందమైనది. 2005లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో యారన్ సిల్బర్‌బర్గ్ బృందం, కార్నెల్‌లో క్రిస్ షూ బృందం విడివిడిగా దీన్ని చూపించాయి. పల్స్‌లోని రంగులను గ్రేటింగ్‌తో విడదీసి వేర్వేరు దారుల్లో పంపుతారు. అన్ని రంగులూ ఒక్క తలంలోనే మళ్లీ కలుస్తాయి, అక్కడ మాత్రమే పల్స్ పొట్టిగా ఉంటుంది. ఆ తలానికి పైనా కిందా కాంతి ఉంటుంది గానీ పల్స్ సాగిపోయి ఉంటుంది, కాబట్టి ఉద్దీపన నీరసపడుతుంది. గాజు చేసే నష్టాన్నే ఆయుధంగా తిప్పుకున్నారన్నమాట. టెంపొరల్ ఫోకసింగ్ అని పిలిచే ఈ పద్ధతిని పారిస్‌లో వలెంటీనా ఎమిలియాని బృందం హోలోగ్రఫీతో జతచేసింది. బర్క్లీలో హిలెల్ అడెస్నిక్, లారా వాలర్ బృందాలు 2017లో దాన్ని మూడు దిశల్లో ఎక్కడైనా వేయగలిగేలా చేశాయి.

చూడటానికి కూడా ఇదే పంపకం పనికొస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో రఫాయెల్ యూస్టే బృందం పుంజాన్ని వేర్వేరు లోతులకు పంచి, వాటి బొమ్మలు ఒకదానిపై ఒకటి పడనిచ్చి, ఏ మెరుపు ఏ కణానిదో తర్వాత సాఫ్ట్‌వేర్‌తో విడదీసింది. న్యూరాన్లు అన్నీ ఒకేసారి మెరవవు కాబట్టి ఇది కుదురుతుంది. కిక్కిరిసిన చోట అంత సులువుగా కుదరదు.

ధ్వనితో వంచడం

స్ఫటికం అణువులు తిరిగేదాకా ఆగలేనివాళ్లు ధ్వనిని ఆశ్రయించారు. టెలూరియం డయాక్సైడ్ స్ఫటికంలోకి అల్ట్రాసోనిక్ తరంగం పంపితే లోపల సాంద్రత అలలుగా మారి, అది కదిలే గ్రేటింగ్‌లా పనిచేసి కాంతిని వంచుతుంది. పౌనఃపున్యం మారిస్తే వంపు మారుతుంది. ధ్వని వల్ల కాంతి ఇలా ఎలా వివర్తనం చెందుతుందో 1935, 1936ల్లో బెంగళూరులో సి.వి. రామన్, నాగేంద్రనాథ్ వివరించారు. రామన్ దగ్గర పనిచేసి వాల్తేరు వచ్చిన సూరి భగవంతం, ఆయన తర్వాత బి. రామచంద్రరావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇదే రంగంలో పనిచేశారు. అప్పట్లో ఇది ద్రవాల, స్ఫటికాల గుణాలు కొలిచే సాధనం.

ఈ పరికరంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకడానికి పట్టే సమయం, లేజర్ పుంజం వెడల్పును ధ్వని దాటడానికి పట్టే సమయమే: పది పదిహేను మైక్రోసెకండ్లు. మధ్యలో ఉన్న ఖాళీని తుడుచుకుంటూ పోవాల్సిన పని లేదు, ఏ కణం కావాలంటే ఆ కణం మీదికి దూకొచ్చు. బుడాపెస్ట్‌లో బలాజ్ రోజా బృందం 2012లో ఇలా మూడు దిశల్లో దూకుతూ న్యూరాన్లను చదివింది. ఖరీదు మామూలే. ఆ స్ఫటికం డిస్పర్షన్ మహా ఎక్కువ, పల్స్‌ను సాగదీసి పెడుతుంది, మళ్లీ ఎదురు డిస్పర్షన్ కట్టాల్సిందే.

చెదిరిన కాంతిని వెనక్కి పిలవగలమా

ఇప్పటిదాకా చెప్పిన సవరణలన్నీ ఇంకా దారి తప్పని కాంతిని దిద్దేవే. పూర్తిగా చెదిరిన కాంతిని కూడా బిందువు దగ్గరికి తేవొచ్చని 2007లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో ఇవో వెలెకోప్, అలార్డ్ మోస్క్ చూపారు. తెల్ల పెయింట్‌లో వాడే టైటానియం డయాక్సైడ్ పొర వెనక, ఎస్‌ఎల్‌ఎం పిక్సెళ్లను ఒక్కొక్కటిగా సర్ది, నేపథ్యం కన్నా సుమారు వెయ్యి రెట్లు వెలిగే చుక్కను తెచ్చారు. పెయింట్ కదలదు. బతికున్న మెదడు కదులుతుంది, రక్తం పారుతుంది. అక్కడి చెదురుమదురు తీరు సెకన్లలో, లోతుకు వెళ్తే ఇంకా వేగంగా మారిపోతుంది.

సవరణ కోసం చిప్ మీద వెయ్యి రకాల అలల ఆకారాలను ఒక్కొక్కటిగా పరీక్షించాలనుకోండి, ఒక్కోదానికి మూడు కొలతలు. సెకనుకు 60 మార్పుల చిప్‌తో 50 సెకన్లు. అంతలో మొదటి కొలత పాతబడిపోతుంది. డీఎండీతో అదే పని సెకనులో ఆరో వంతులోపే అయిపోతుంది, కానీ కాంతి పోతుంది. ఈ ఇరుకులో రెండు తెలివైన దారులు వచ్చాయి. ఇన్స్‌బ్రుక్‌లో మాలీ మే, మోనికా రిచ్-మార్టె, అలెగ్జాండర్ యెసాకర్ 2021లో చెప్పినది: అన్ని కొలతలూ అయ్యేదాకా ఆగకండి, ఒక్కో అలను కొలవగానే సవరణలో కలిపేయండి, తర్వాతి కొలత మెరుగైన చుక్కతో జరుగుతుంది. వర్గం వల్ల కాస్త ముందున్న చుక్క ఇంకా ముందుకు దూసుకెళ్తుంది, సవరణ తొందరగా కుదురుకుంటుంది. బెర్లిన్‌లో బెంజమిన్ జుడ్‌కెవిట్జ్ బృందం 2017లో చేసినది: ఒక బలమైన పుంజాన్ని నిలబెట్టి, దాని చుట్టూ బలహీన పుంజాన్ని తిప్పుతూ రెండూ కలిసినప్పటి సిగ్నల్‌ను చదవడం. ఉద్దీపన తీవ్రత వర్గాన్ని బట్టి ఉండటంతో బలమైన పుంజం దానికదే పదునైన సూదిలా మారి, రెండోదాని ఆకారాన్ని చదివి పెడుతుంది. వర్గం నిజంగా సాయం చేసిన చోట్లు ఇవి.

అయినా ఒక హద్దు కదలదు. ఇలా సాధించిన సవరణ ఆ బిందువు చుట్టూ కొన్ని పదుల మైక్రాన్ల మేరకే చెల్లుతుంది. పక్కకు జరిగితే కాంతి వేరే కణజాలం గుండా వెళ్తుంది, సవరణ మళ్లీ మొదలు. అందుకని పెద్ద బొమ్మలు తీసే ల్యాబులు ఎక్కువగా వంగే అద్దంతో స్థూల లోపాలనే దిద్దుకుని సరిపెట్టుకుంటున్నాయి. అది రాజీ కాదు, సరైన లెక్క అనే నా అభిప్రాయం.

వేడి, పంపని కాంతి

అన్నిటికీ పైన మెదడు ఎంత వేడిని భరిస్తుందన్న హద్దు ఉంది. జెనీలియాలో 2016లో కొలిచినప్పుడు, ఎలుక మెదడులో ప్రతి 100 మిల్లీవాట్ల పరారుణ లేజర్‌కు ఉష్ణోగ్రత సుమారు 1.8 డిగ్రీలు పెరిగింది. ఉష్ణోగ్రత మారితే న్యూరాన్ల ప్రవర్తనే మారుతుంది, కాబట్టి చుక్కల సంఖ్య పెంచుకుంటూ శక్తి కూడా పెంచుకుంటూ పోవడం ఎక్కడో ఒకచోట ఆగాలి.

త్రీ ఫోటాన్‌లో ఈ హద్దు ముందే తగులుతుంది. లేజర్ సెకనుకు పది లక్షల పల్స్‌లు ఇస్తే, 512 గళ్ల పొడవు వెడల్పుల బొమ్మకు గడికి ఒక పల్స్ వేసినా పావు సెకను పైనే పడుతుంది, అంటే సెకనుకు నాలుగు బొమ్మలు కూడా రావు. ఇక్కడ నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించే షేపింగ్ 2020లో మళ్లీ క్రిస్ షూ బృందం నుంచి వచ్చింది. ముందు ఒక బొమ్మ తీసి న్యూరాన్లు ఎక్కడున్నాయో గుర్తిస్తారు. తర్వాత స్కానర్ ఖాళీ చోట్ల మీదుగా వెళ్తున్నంతసేపూ లేజర్ పల్స్‌లే ఇవ్వదు, న్యూరాన్ మీదికి రాగానే ఇస్తుంది. సగటు శక్తి మిగిలిపోతుంది, ఆ మిగులును కణాల మీదే ఖర్చుపెట్టొచ్చు. ఎస్‌ఎల్‌ఎం లేదు, హోలోగ్రామ్ లేదు. కాంతిని ఎక్కడ వేయకూడదో చెప్పే ప్రోగ్రామ్ మాత్రమే.

దీనికీ పేచీ ఉంది. ఎలుక పరిగెడితే మెదడు కొన్ని మైక్రాన్లు జరుగుతుంది. ముందు గీసుకున్న పటం తప్పిపోయి, పల్స్‌లు న్యూరాన్ అంచు పక్కన పడతాయి. అందుకే ప్రతి కణం చుట్టూ కాస్త అదనపు మార్జిన్ వదులుతారు. మార్జిన్ పెంచినకొద్దీ ఆదా చేసిన శక్తి మళ్లీ ఖాళీ చోటులో కరిగిపోతుంది. ఎంత వదలాలన్నది ఆ రోజు ఆ ఎలుక ఎంత కదులుతోందన్న దాన్ని బట్టి ప్రయోగం చేసేవాళ్లు తేల్చుకోవాల్సిందే.